ఎడమ సీటు

మొన్న శాన్ రామన్‌లో మా అమ్మాయి దగ్గరికి బయలుదేరి బెంటన్‌విల్ ఎయిర్‌పోర్టులో కూర్చుంటే, అద్దం అవతల చిన్న విమానం ఒకటి ఆగి ఉంది. తోక మీద పెద్ద కంపెనీ రంగులు. దాన్ని నిజంగా నడిపే చిన్న కంపెనీ పేరు మాత్రం తలుపు పక్కన, కళ్లు చికిలిస్తే తప్ప కనపడనంత చిన్న అక్షరాల్లో. ప్రయాణికులెవరూ ఆ పేరు చదవరు. నేను చదువుతాను.

మన తరం వాళ్లంతా ఈ దేశం వచ్చి కంప్యూటర్లు పట్టుకుని కుదురుకున్న రోజుల్లో, నేను చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి విమానం నడపడం నేర్చుకుని, అలాంటి చిన్న కంపెనీలోనే చేరాను. అక్కడ అన్నిటికీ సీనియారిటీ నంబరే ఆధారం. కెప్టెన్ కూర్చునే ఎడమ సీటైనా, పండక్కి సెలవైనా, రాత్రికి ఇల్లు చేరే డ్యూటీ అయినా, చేరిన తేదీని బట్టి వచ్చిన ఆ నంబరు చూసే ఇస్తారు. కొత్త లిస్టు వచ్చినప్పుడల్లా, చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది గానీ, మనం పేపర్లో టెన్త్ రిజల్ట్స్ వెతుక్కున్నట్టు, నా పేరు ఎంత పైకి జరిగిందో వేలు పెట్టి చూసుకునేవాణ్ణి.

పదేళ్లకి కెప్టెన్నయ్యాను. ఆ తర్వాత ఒక పెద్ద కంపెనీ పిలిస్తే, అక్కడ మళ్లీ అడుగు నుంచి మొదలుపెట్టాలి కదా అని వద్దన్నాను. మా ఆవిడ ఒక్కటే అడిగింది.

“ఈ కంపెనీ పోతే ఆ నంబర్ ఇంకెక్కడైనా చెల్లుతుందా అండీ?”

నీకేం తెలుసు ఊరుకో అని కసిరాను.

రెండేళ్లు తిరక్కుండానే, మాకు రంగులిచ్చిన పెద్ద కంపెనీ మా కాంట్రాక్టు తీసేసి ఇంకో చిన్న కంపెనీకి ఇచ్చింది. ప్రయాణికులకి తేడా తెలియనే లేదు: అవే ఊళ్లు, అవే గేట్లు, అవే రంగులు. మా కంపెనీ మాత్రం మూతపడింది. పని దొరికితే చాలని ఆ కొత్త కంపెనీలో లిస్టు అట్టడుగున, కో-పైలట్‌గా కుడి సీటులో చేరాను. మొదటి రోజు కెప్టెన్‌గా వచ్చిన అమ్మాయికి మా అమ్మాయి వయసుంటుంది, ఎంతో మర్యాదస్తురాలు. బెంటన్‌విల్‌లో దిగబోయే ముందు, ఇక్కడికి ఎప్పుడైనా వచ్చారా అని అడిగింది. కొన్నిసార్లు వచ్చానన్నాను. కెప్టెన్‌గా ఎన్నిసార్లు దిగానో లెక్కలేని రన్‌వే అది.

ఎడమ సీటు మళ్లీ రాకుండానే వయసు నిండి రిటైరయ్యాను. ఇప్పటి పైలట్లు ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లిపోతున్నారు, ఏ కంపెనీనీ మాది అనుకోరు. తెలివైనవాళ్లు. అయినా మాది అనుకున్న ఆ పన్నెండేళ్లూ నేను ఇంటికి ఈల వేసుకుంటూ వచ్చేవాణ్ణి.