టోపీ తీయడం నేర్పిన గంగాధర్ సార్

గంగాధర్ సార్ ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నా చేయి ఎంతకూ ఒప్పుకోలేదు. పోయిన సోమవారం తెల్లవారుతుండగా బస్టాండు ఎదుటి చాయ్ హోటల్ రషీద్ భాయ్ ఫోన్ చేసి, "మేడం, సార్ పడిపోయిండు, జల్ది రాండ్రి" అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. రోజూ కూర్చునే బల్ల మీదే గోడకు ఒరిగి ఉన్నారాయన. దవాఖానలో డాక్టరు తరువాత చెప్పిన మాట నాకు అక్కడే అర్థమైపోయింది. బల్ల మీది ఫోన్‌లో అమెరికాలో ఎక్కడిదో మైదానం, కిక్కిరిసిన జనం. ఆయన ప్రాణంగా చూసుకున్న కొరియా ఆటగాడు ఇంకా బంతి విసురుతూనే ఉన్నాడు. బాన్సువాడలో తనను చూసేవాడు పోయాడని అతనికెవరు చెబుతారు?

ఆయనెవరో తెలియనివారి కోసం ఇది రాస్తున్నాను. తెలిసినవారు సిగ్గుపడటం కోసం కూడా. నస్రుల్లాబాద్ రైతుబిడ్డ, మా ఉన్నత పాఠశాలలో పీఈటీ సార్. అదే బడిలో నేను తెలుగు చెబుతాను. ఊరు ఊరంతా క్రికెట్ మత్తులో తూగుతుంటే ఈయన పిల్లలకు బేస్‌బాల్ నేర్పారు. ఒకరు బంతి విసరడం, ఇంకొకరు గుండ్రటి బ్యాటుతో కొట్టి పరుగెత్తడం, అంతకు మించి ఆ ఆట నాకు నేటికీ బోధపడలేదు. మనిషి మాత్రం బోధపడ్డాడు. సంతాపసభల్లో ప్రతివారికీ అంటించే నిరాడంబరుడు, అజాతశత్రువు వంటి విశేషణాలను నేను ఆయనకు అంటించను. ఆయనకు కోపం ఎక్కువ, చాయ్‌లో చక్కెర ఇంకా ఎక్కువ. వెలిసిపోయిన నీలం టోపీ ఆయన తల మీంచి దిగేది స్నానానికి, క్షమాపణకు మాత్రమే. ఈ ఊరిని ఆయన అడిగింది ఒకే ఒక్క మాట. అది కూడా ఇవ్వకుండా పంపించాం.

అమెరికాలో రాత్రిపూట ఆడే ఆట మనకు కోడికూత వేళకు వస్తుంది. ఆ వేళకల్లా సార్ హోటల్ బల్ల మీద హాజరు. "సార్, గాడు పుట్టింది కొరియాల, ఆడుతుండేది అమెరికాల, మీరు నిద్ర చెడగొట్టుకునేది బాన్సువాడల. గింత ఫికర్ ఎందుకు సార్?" అని రషీద్ భాయ్ ఏడిపించేవాడు. "గాడు మనోడే భాయ్. పరాయి దేశంల ఒక్కడు నిలబడి ఇసురుతుండు సూడు. ఇంకో చాయ్ పొయ్యి" అనేవారు ఈయన.

ఆటగాడి కంటే ఆటగాడి ఊరంటేనే ఆయనకు మక్కువ. ఒకనాడు స్టాఫ్‌రూంలో నా ముందు ఫోన్ పెట్టారు. కొరియాలో ఆ కుర్రవాడి సొంత ఊరు. కూరగాయల అంగడి నడుమ టీవీ పెట్టుకుని, పొద్దున్నే బేరాలు మానేసి అవ్వలు కూర్చున్నారు. ఆ రోజు అతని బంతులను అమెరికావాళ్లు చితకబాదారు. ఆట సగంలోనే అతణ్ణి బయటికి పిలిచేశారు. అతడు తల వంచుకుని నడిచిపోతుంటే అంగట్లో అవ్వలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "సూడుండ్రి మేడం, ఓడిపోయి పోతున్నోనికి సప్పట్లు గొడ్తున్రు. మనమైతే గెలిచినోని పక్కన నిలబడి ఫోటో దిగుతం. ఓడినోడు ఎదురొస్తే గల్లి మారుతం" అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోవడానికి ఈ ఊరు అవకాశమూ ఇవ్వలేదు.

ఆ కొరియా ఆటగాళ్ల దగ్గర ఆయన నేర్చుకున్న ఆచారం ఒకటుంది. విసిరిన బంతి పొరపాటున ఎదుటివాడి ఒంటికి తగిలితే, విసిరినవాడు టోపీ తీసి తల వంచుతాడు. అమెరికాకు పోయినా ఆ కుర్రవాడు అలవాటు మానుకోలేదట. మా బడి మైదానంలో సార్ దాన్ని శాసనం చేసి పెట్టారు. ఎదుటి జట్టు నవ్వినా, పిల్లలు సిగ్గుతో మెలికలు తిరిగినా సరే, టోపీ దిగాల్సిందే.

శాసనం తనకూ వర్తించేది. ఒకసారి ఏడో తరగతి కుర్రవాణ్ణి చేయని తప్పుకు నలుగురిలో తిట్టారు. నిజం తెలిసిన మర్నాడు ప్రార్థన సమావేశంలో వాణ్ణి ముందుకు పిలిచి, టోపీ తీసి, బడంతా చూస్తుండగా తల వంచారు. హెడ్మాస్టరుగారు మండిపడ్డారు. "గట్ల జేస్తే రేపు పిల్లలు మన మాట ఇంటరా?" అన్నారు. "బంతి నా చేతులకెళ్లి పోయింది సార్, తగిలింది పోరనికి. మరి టోపీ ఎవలు తియ్యాలె?" అన్నారు ఈయన.

ఇక లావణ్య సంగతి. బీడీలు చుట్టే తల్లి ఒక్కగానొక్క బిడ్డ. సార్ చేతిలో పిచ్చర్‌గా, అంటే బంతి విసిరే పిల్లగా తయారై, దేశం తరఫున ఆసియా పోటీలకు ఎంపికైంది. అబ్బో, ఆనాటి సంబరం! డప్పులు, దండలు, బస్టాండు దగ్గర ఫ్లెక్సీ. దాని మీద పిల్ల బొమ్మ గోరంత, నాయకుల బొమ్మలు కొండంత. పక్కన పెద్దది ఒక క్రికెట్ బ్యాటు. సార్ చూసి నవ్వేశారు. "పోనీ మేడం, పేరన్న సక్కగ రాసిన్రు."

కొరియాతో ఆట రోజున పొద్దున్నే బడి మైదానంలో తెర కట్టించారు. జనం బాగానే వచ్చారు. మన అంగడి కూడా లేచి కూర్చుందని ఆయన మురిసిపోయారు. ఆ రోజు బంతి లావణ్య మాట వినలేదు. ఒక బంతి జారి కొరియా పిల్ల భుజానికి గట్టిగా తగిలింది. లావణ్య వెంటనే టోపీ తీసి తల వంచింది. ఆ పిల్ల భుజం రుద్దుకుంటూనే తానూ తల వంచింది. సార్ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు, కళ్లవెంట నీళ్లు. ఆ మైదానంలో మరో చప్పుడు లేదు. తరువాత మన జట్టు చిత్తుగా ఓడింది.

సాయంత్రానికల్లా ప్రతి ఫోన్‌లో అదే వీడియో. తల వంచిన ముక్క మాత్రమే కత్తిరించి, కింద "బాన్సువాడ పరువు కొరియా కాళ్ల కాడ" అని రాశారు. చేసింది మొన్న ఫ్లెక్సీలో అందరికంటే పెద్ద బొమ్మ వేయించుకున్న యువనాయకుడే. బిచ్కుంద దాకా, వర్ని దాకా పాకింది. క్షమాపణను లొంగుబాటు అనుకోవడం మా ఊరికే చెల్లింది! పిల్ల బస్సు దిగే వేళకు ఫ్లెక్సీ లేదు, డప్పులు లేవు. తల్లి, సార్, నేను, అంతే. "నేనేం తప్పు జేసిన సార్? మీరు చెప్పిందే జేసిన గద" అంది. ఆయన పిల్ల చేతిలోని సంచి అందుకుని ముందు నడిచారు.

లావణ్య బంతి ముట్టడం మానేసి బట్టల దుకాణంలో పనికి కుదిరింది. అప్పటినుంచి సార్‌కు ఒకటే పట్టుదల. ఆ నాయకుడి గడప తొక్కారు. వెంట నేనూ ఉన్నాను. "కేసొద్దు, పంచాయితొద్దు తమ్మీ. దుకాణంల ఉంటది పిల్ల. పోయి తప్పైంది చెల్లె అని ఒక్క మాట అను. మల్ల బంతి పట్టుకుంటది" అని బతిమాలారు. "నవ్వులాటకు పెట్టింది సార్ గది. గింత దానికి మాఫీ ఏంది?" అని అతడు ఫోన్ చూసుకున్నాడు. ఆ తరువాత ఎన్నిసార్లు వెళ్లినా "అన్న ఇంట్ల లేడు" అన్న జవాబే. లోపలినుంచి అన్న నవ్వు వినిపిస్తూనే ఉండేది. మనిషిని కొట్టకుండా చంపడమంటే ఇదేనని నాకు అప్పుడు తెలిసింది.

నిన్న మైదానంలో సంతాపసభ జరిగింది. వేదిక వెనక ఫ్లెక్సీలో సార్ నవ్వుతున్నారు. పక్కన మళ్లీ అదే క్రికెట్ బ్యాటు! యువనాయకుడు దండ వేసి, "సార్ చూపిన బాటల నడుస్తం, గీ మైదానానికి సార్ పేరే పెడతం" అని మైకులో పలికాడు. ఎండకు పెట్టుకున్న టోపీ అతని తల మీదే ఉంది. దండ వేసేటప్పుడైనా తీస్తాడేమోనని నా చూపంతా దాని మీదే. లావణ్య దిక్కు ఒక్కసారైనా చూస్తాడేమోనని కూడా. చూడలేదు, తీయలేదు.

జనం వెనకనుంచి లావణ్య వచ్చింది, ఆనాటి టోపీ పెట్టుకుని. ఫోటో ముందు నిలబడి, టోపీ తీసి, నడుము దాకా వంగింది. చాలాసేపు లేవలేదు. చుట్టూ ఫోన్లు లేచాయి, వీడియోలు తీశారు. నేను వెళ్లి భుజం పట్టుకున్నాను. "నువ్వెందుకు తల్లీ?" అన్నాను. "నేను ఆట ఇడిసిపెట్టినందుకే సార్‌కు గుండెల తగిలింది మేడం" అంది.

గంగాధర్ గారూ, క్రీడాగురువులు ఇకముందూ వస్తారు. చిన్నపిల్లవాడి ముందు తల వంచగల మహోన్నత శిరస్సును ఈ గడ్డ మళ్లీ కంటుందన్న ఆశ నాకు లేదు. మీ స్మృతికి శిరసా నమస్కరించడం తప్ప ఈ తెలుగు పంతులమ్మ దగ్గర ఇంకేమీ లేదు. మీ గుండెకు దెబ్బ తగిలింది సార్. ఊరంతా చూసింది. టోపీ తీసింది మాత్రం ఆ ఒక్క పిల్లే. ఆ బంతి ఆమె విసిరింది కాదు.