కాయిల్ పక్కన పింగాణీ ముక్క

పదకొండేళ్లుగా ఒక మనిషి పేరు వినపడితే చాలు, నా చేతిలో పని ఆగిపోతుంది. ఆయన నన్నేమీ అనలేదు. అన్యాయం చేసింది నేనే. నా భార్యకు కూడా చెప్పని ఈ సంగతి, ముఖం తెలియని మీకు చెబుతున్నాను.

నాది కార్ల కరెంటు పని. ఐటీఐ చదివి, గుంటూరులో రెండేళ్లు పని నేర్చుకుని పర్చూరులో షాపు పెట్టాను. అప్పటికే అక్కడ ఒకాయన పాతికేళ్లుగా అదే పని చేస్తున్నారు. దేవదానం గారు అందాం. అసలు పేరు రాసే ధైర్యం ఇప్పటికీ లేదు. పెద్దగా చదువుకోలేదు. అయినా బండ్లన్నీ ఆయన దగ్గరికే వెళ్లేవి. నా షాపు ముందు ఖాళీ.

ఆయన ఊళ్లో లేని ఒకరోజు, రిటైరైన మాస్టారొకరు తమ పాత పెట్రోలు కారును నా దగ్గరికి తోయించుకొచ్చారు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందట. బానెట్ ఎత్తాను. ప్లగ్గులకు కరెంటు అందించే కాయిల్ పక్కన వేలెడంత తెల్ల పింగాణీ ముక్క, దాని రెండు కొసలకూ వైర్లు. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

“ఇదేంటయ్యా?” అన్నారు మాస్టారు.

తెలియదండీ అంటే సరిపోయేది. ఎందుకు అనలేకపోయాను? చదువుకున్నవాణ్ణి, మొదటిసారి వచ్చిన పెద్దమనిషి ముందు చులకనైపోతానని భయపడ్డానా? లేక దేవదానం గారి మీద నాలో ముందునుంచే ఉన్న కుళ్లు, ఎప్పుడు సందు దొరుకుతుందా అని చూస్తోందా?

“కంపెనీది కాదండీ. దేవదానం గారే ఏదో ముక్క తగిలించినట్టున్నారు” అన్నాను.

దాన్ని పీకేసి రెండు వైర్లూ కలిపాను. బండి వెంటనే అందుకుంది. మాస్టారు ఆ ముక్కను తీసుకెళ్లి ఆదివారం చర్చి దగ్గర నలుగురికీ చూపించారట.

మర్నాడు మధ్యాహ్నం దేవదానం గారు అదే ముక్క పట్టుకుని నా షాపుకొచ్చారు. అప్పుడు నా దగ్గర ముగ్గురు ఆటోవాళ్లున్నారు.

“ఇది నేను పెట్టానన్నావంట.”

“అవును బాబాయ్.”

“దీని పేరేంది?”

“పేరుదేముంది, పనికిరాని ముక్క.”

“పేరు తెలవకుండానే నాదని ఎట్టా చెప్పావు?”

ముగ్గురూ నావైపే చూస్తున్నారు. వెనక్కి తగ్గితే ఇక ఈ ఊళ్లో నా దగ్గరికి ఎవరొస్తారు?

“ఆ బండి మీద మీ చెయ్యి తప్ప ఎవరి చెయ్యి పడింది?” అన్నాను.

ఆయన ముక్కను నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

నెలన్నర తర్వాత మాస్టారి కారు పత్తి చేల మధ్య రోడ్డు మీద ఆగింది. కబురొస్తే వెళ్లాను. కాయిల్ మాడిపోయింది. కొత్తది తేవడానికి నంబరు చూద్దామని జిడ్డు తుడిచాను. కింద ఇంగ్లీషులో సన్నటి అక్షరాలు. ఈ కాయిల్‌ను బయట రెసిస్టర్‌తో మాత్రమే వాడాలని. ఆ పింగాణీ ముక్కే ఆ రెసిస్టర్, కాయిల్‌కు వెళ్లే కరెంటు జోరు తగ్గించడానికి కంపెనీవాళ్లు పెట్టిందే. అది పాడైతే ఇంకొకటి వెయ్యాలి. నేను పీకేశాను గనుకే కాయిల్ మాడింది. మాస్టారు గొడుగు వేసుకుని నా పక్కనే నిలబడి ఉన్నారు.

“ఏమైందయ్యా?”

“ఆ ముక్క ఇన్నాళ్లూ ఉండి కాయిల్‌ను దెబ్బతీసిందండీ” అన్నాను.

మొదటిసారి తెలియక అన్నానని ఎన్నోసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రెండోసారికి ఏం చెప్పుకోను? చదివాను, అర్థమైంది, అయినా అన్నాను. రెసిస్టర్ అక్కర్లేని కాయిల్ బిగించి, పాతదాన్ని తిరిగొస్తూ కాలువలో పడేశాను.

బండ్లు ఒక్కొక్కటే నా వైపు తిరిగాయి. ఏడాది తిరక్కుండా దేవదానం గారు షాపు మూసేసి, గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా చేరారు. మాస్టారు పోయారు. మొన్న ఎండాకాలం ఒక లారీ పని మీద ఆ కోల్డ్ స్టోరేజీకి వెళ్తే గేటు తీసింది ఆయనే. షాపు ఎలా నడుస్తోందని అడిగారు. మామూలుగా అడిగారో, అన్నీ తెలిసే అడిగారో నాకు తెలియలేదు. నడుస్తోంది బాబాయ్ అన్నాను. లారీ దగ్గరికి నడిచాను.

ఆ ముక్క ఆయన పెట్టింది కాదు. నాకు తెలియక ఆయన మీద వేశాను. తెలిశాక దాచాను. ఈ మాటలు రాయడానికి ఇంతకాలం పట్టింది. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక నా ఒక్కడికే, ఆయన ఇంకా ఆ గేటు దగ్గరే ఉన్నారు. అయినా, ఆయన గురించి నేను చెప్పిన మొదటి నిజం ఇదే.