అమ్మ చేసే పని

నిన్న మా మామ కొత్త బోరుకు చోటు చూపించమని ఒకాయన్ని తోలుకొచ్చినాడు. ఆయన చేతిలో కుంకుమ పెట్టిన టెంకాయ చూడగానే బద్వేలు దగ్గరి మా శెనక్కాయ చేను గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఒక ఏడు మా బోర్లన్నీ ఎండిపోయినాయి. పెదనాయన పిలిపించిన మనిషి అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా నడిచినాడు. ఒకచోట అది నిటారుగా లేచింది.

"ఈడ గంగమ్మ ఉండాది," అన్నాడు. అందరం దండం పెట్టుకున్నాం. బోరు వేయాలంటే అమ్మ కమ్మలు అమ్మాల.

అమ్మ ఆ టెంకాయ లాక్కుంది. "పోయినసారీ ఇట్లే లేచె గదప్పా! దుమ్ము తప్ప ఏమొచ్చె?" అని గట్టుమీది రాయికేసి కొట్టింది.

"నాస్తికురాలా!" పెదనాయన గొంతు వణికింది. అమ్మ చిప్పలు కొంగులో వేసుకుని పోయి చట్నీ నూరింది.

అంత పెద్దమనిషిని వణికించిందంటే నాస్తికురాలనేది కలెక్టరు లాంటి ఉద్యోగమేమో అనుకున్నా. బళ్లో అయ్యవారు "మీ అమ్మ ఏం చేస్తాది?" అంటే, "నాస్తికురాలు సార్" అన్నా.

"మెల్లిగా చెప్పు పాపా," అన్నాడాయన. ఇంకా గట్టిగా చెప్పినా.

దేవుడు లేడనేవాళ్లను అట్లంటారని పెద్దయినాక తెలిసింది. అమ్మ ఏనాడూ శుక్రవారం దీపం మానలేదు. ఆమె నమ్మనిది ఆ టెంకాయనొక్కదాన్నే.

నిన్న నేనూ టెంకాయ లాక్కుని పగలగొట్టినా.

"నాస్తికురాలివా నువ్వు?" మామ అరిచినాడు.

"అవును మామా. మా అమ్మ చేసే పనే నేనూ చేస్తాండా."