టీచరమ్మగారి కళ్ళజోడు పెట్టెలో గడ్డిపరకలు

టీచరమ్మగారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను గేదెకు కుడితి పెడుతున్నాను. బాపట్ల నుంచి వాళ్ళ చెల్లెలి కూతురు చేసింది. "బాబాయ్, పెద్దమ్మ పొద్దున్నే ప్రభువు దగ్గరికెళ్ళిపోయింది" అంది. "సరేనమ్మా" అన్నాను. అలాంటి మాటకు ఎవరైనా సరేనంటారా? నేను అన్నాను. ఫోను జేబులో పెట్టుకుని, గేదె తాగేదాకా నిలబడి, తొట్టి కడిగాను. కాసేపాగి మళ్ళీ కడిగాను. ఏడుపు రాలేదు.

జ్ఞాపకార్థ కూటంలో రెండు మాటలు చెప్పమని ఆ అమ్మాయే అడిగింది. మైకు ముందు నాకు నోరు పెగలదు. అందుకని రాస్తున్నాను. ఊళ్ళో బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. తప్పులుంటే చదివేవాళ్ళు మన్నించాలి.

తెనాలి దగ్గర కాలవ లాకుల మీద నేను లస్కరుగా పనిచేశాను. తలుపులు ఎత్తడం, దించడం, నీళ్ళు వదలడం నా పని. ఎన్ని నీళ్ళున్నాయో చూడడానికి లాకు గోడ మీద అంకెలుంటాయి. నా నమ్మకం మాత్రం గడ్డిపరక మీద. పరకను కాలవలో వేసి గట్టు మీద దాని పక్కన నడవాలి. అది నన్ను దాటిపోతే నీళ్ళెక్కువ, గట్టు కోసేస్తుంది. నేను దాన్ని దాటిపోతే తక్కువ, చివరి చేనుకు అందవు. ఇద్దరం పక్కపక్కనే నడిస్తే సరిపోయినట్టు. ఇది మా నాన్న నేర్పిన లెక్క.

టీచరమ్మగారు రోజూ మా లాకుల మీదుగా బడికి నడిచి వెళ్ళేవారు. నందివెలుగులో ఇల్లు. పెళ్ళి చేసుకోలేదు. నల్ల గొడుగు, తెల్ల చీర, చేతిలో సోషల్ పుస్తకం. ఒకరోజు ఆగి నన్ను చూశారు.

"ఏంటి తమ్ముడూ, పరకతో షికారెళ్తున్నావా?"

"లేదండి. నీళ్ళు చూస్తన్నానండి."

ఇంకో మాట చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆవిడే రోజుకో ప్రశ్న వేసి అంతా లాగారు. ఆ తర్వాత ఒకనాడు క్లాసు మొత్తాన్నీ గట్టు మీదికి తోలుకొచ్చి, నన్ను చెప్పమన్నారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. "చెప్పడు గానీ చేస్తాడు, చూడండి" అని పరక తీసి నా చేతికిచ్చారు. పిల్లలంతా పరకతోపాటు నడిచారు. అప్పట్నుంచీ బడిలో పాఠం అవగానే వెనక బెంచీ వైపు చూసి, "చివరి చేనుకు నీళ్ళందాయా?" అని అడిగేవారట. అందలేదంటే మళ్ళీ మొదట్నుంచీ చెప్పేవారు. ఈ మాట ఇప్పుడు మీలో చాలామందికి గుర్తొస్తుంది.

నలభై ఏళ్ళు నదుల పాఠం చెప్పి, తాను ఒక్కటీ చూడలేదని ఆవిడకు బాధ. రిటైరయ్యాక బయల్దేరారు. మొదట చర్చి వాళ్ళతో యొర్దాను నదికి వెళ్ళారు. తిరిగొచ్చిన మర్నాడే లాకుల దగ్గరికొచ్చి సిమెంటు దిమ్మె మీద కూర్చున్నారు.

"మన కాలవలో సగం లేదు తమ్ముడూ! పాటల్లో విని విని ఎంత నది అనుకున్నానో. అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు, నేను పరకేసి దాని పక్కన నడుస్తున్నాను. పాస్టరుగారు వచ్చి, 'ఏంటమ్మా, ఏమన్నా పడిపోయిందా?' అంటారు!"

"ఎలా నడిచిందండి?"

"నాకన్నా నెమ్మది. మీ చివరి రైతులైతే నిన్ను కొట్టేవాళ్ళు."

పరక ఎక్కడిదండీ అని అడిగాను. కళ్ళజోడు పెట్టె తెరిచి చూపించారు. అందులో మన వరిగడ్డి పరకలు నాలుగైదు, సగం వేలంత పొడవున తుంచి పెట్టుకున్నారు. విమానం దగ్గర తనిఖీ చేసే అమ్మాయి ఇదేంటని అడిగితే, "మా తమ్ముడి కొలబద్ద" అన్నారట. అర్థం కాకపోయినా ఆ అమ్మాయి నవ్విందట.

తర్వాత ఐగుప్తులో నైలు. పరకా తానూ సరిగ్గా పక్కపక్కనే నడిచామని సంబరపడ్డారు. జర్మనీలో రైన్ నది దగ్గర పరక కనపడకుండా పోయింది. "చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తినా అందలేదు, పక్కన కుక్కని తిప్పుకునే ముసలాయన భయపడ్డాడు" అని చెప్పారు. అక్కడ మేడలూ కోటలూ ఎలా ఉంటాయో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నేను కాలవ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. అయినా ఆ నదుల నడక నాకు తెలుసు. ఏ నది పేరు విన్నా ఆవిడ అనేది ఒక్కటే: "విని ఊరుకోకు. దగ్గరికెళ్ళి చూడు."

ఇక అసలు సంగతి రాయాలి. ఇది రాయడానికే కూర్చున్నాను.

లండన్ నుంచి వచ్చాక లాకుల దగ్గర టీ కొట్లో కూర్చుని థేమ్స్ నది గురించి చెప్పారు. అప్పటికి నేనూ రిటైరయ్యాను. నలుగురు రైతులున్నారు. మెట్లు దిగి పరకేస్తే అది వెనక్కి వెళ్ళిందన్నారు. నది వచ్చిన వైపుకే. సముద్రం పోటు మీదుంటే అలాగే జరుగుతుందన్నారు.

నేను ఎప్పుడూ మాట్లాడను. ఆరోజు మాట్లాడాను.

"అలా జరగదండి. సముద్రానికి పోటుంటది గానీ నది వెనక్కి నడవదండి. గాలి తోసుంటది. మీరు పొరపాటు పడ్డారు."

రైతులు నవ్వారు. "టీచరమ్మగారండీ, లండన్ మాకు తెలీదు గానీ మా లస్కరుకి నీళ్ళు తెలుసండి" అన్నాడొకాయన. ఆవిడా నవ్వారు. కానీ టీ సగంలోనే గ్లాసు పెట్టేశారు. అందరికీ పాఠం చెప్పిన మనిషిని నలుగురిలో తప్పన్నాను. నాకు అప్పుడు అది గొప్పగానే ఉంది.

"సరే తమ్ముడూ, మన కృష్ణ సముద్రంలో కలిసేచోటు చూశావా?"

"లేదండి."

"ముప్పై ఏళ్ళు కృష్ణ నీళ్ళు వదిలావు, అవి ఎక్కడికి పోతాయో చూళ్ళేదా? పద, రేపల్లె బస్సెక్కుదాం. ఎవరిది నిజమో పరకే చెప్తుంది."

వెళ్దామండి అన్నాను. నాట్లయ్యాక అన్నాను. వానలు తగ్గాక అన్నాను. మోకాలు నొప్పన్నాను. తెనాలి నుంచి రెండు గంటలు కూడా పట్టదు. ఆవిడ పక్కన బస్సులో కూర్చోవాలంటే నాకు సిగ్గు. అంతకన్నా, ఆవిడ మాటే నిజమైతే టీ కొట్లో ఏమని చెప్పుకోవాలన్నది లోపలుంది. ఆరోగ్యం బాగోక ఆవిడ బాపట్ల చెల్లెలి ఇంటికి వెళ్ళాక కూడా ఫోను చేశారు. "రేపల్లె బస్సు ఎన్నింటికి తమ్ముడూ?" అన్నారు. గొంతు సన్నగా ఉంది. "క్రిస్మస్ వెళ్ళాక చూద్దామండి" అన్నాను. "సరే" అన్నారు. అదే ఆఖరు.

బాపట్లలో సమాధి దగ్గర వెనక నిలబడ్డాను. పాటలు పాడారు. మట్టి వేశారు. నేనూ వేశాను. చేతికి మట్టి తగిలినట్టు లేదు. చెల్లెలి కూతురు వచ్చి కళ్ళజోడు పెట్టె ఇచ్చింది. "పెద్దమ్మ దీన్ని దిండు కిందే పెట్టుకునేది బాబాయ్. నీకే ఇమ్మంది." ఇంటికొచ్చి తెరిచాను. మూడు పరకలున్నాయి.

నాలుగో రోజు తెనాలిలో రేపల్లె బస్సెక్కాను. పక్క సీటు ఖాళీగా ఉంది. పల్లపట్ల దగ్గరో ఎక్కడో ఒకామె కూర్చోబోతే, ఎవరో ఉన్నారన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. తర్వాత తీసి, కూర్చోమన్నాను. రేపల్లెలో దిగి ఆటో ఎక్కి, కృష్ణ ఒడ్డునే కిందికి, సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లెపాలెందాకా వెళ్ళాను. ఒడ్డున ఒకాయన వల బాగుచేసుకుంటున్నాడు.

"ఎవరింటికండి బాబాయ్?"

"ఎవరింటికీ కాదండి. నీళ్ళు చూద్దామని."

"నీళ్ళా? మాకిక్కడ అవి తప్ప ఇంకేం లేవు కదండీ!"

చెప్పులు విప్పి బురదలోకి దిగి ఒక పరక వేశాను. గాలి లేదు. వేలు తడిపి పైకెత్తి మరీ చూశాను. పరక కాసేపు ఉన్నచోటే తిరిగింది. తర్వాత మెల్లగా కదిలింది. సముద్రం వైపు కాదు. పైకి, నది వచ్చిన వైపుకి.

"పోటు మీదుందండి. ఇంకో గంటసేపు ఇలా పైకే ఎక్కుద్ది" అన్నాడాయన, వల మీంచి తల ఎత్తకుండానే. ఆ ఊళ్ళో అది చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

అవునండి టీచరమ్మగారూ, మీదే నిజం. ఈ మాట టీ కొట్లో కూడా చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆరోజు మాత్రం ఒడ్డు పట్టుకుని పరకతోపాటు నడిచాను. అది నన్ను దాటలేదు. నేనూ దాన్ని దాటలేదు. వెనకనుంచి ఆయన కేకేశాడు. "బాబాయ్, సముద్రం అటు కాదండి, ఇటు!"

చెయ్యెత్తి, తెలుసన్నాను. పరక పక్కనే నడుస్తూ పోయాను.