నా కుడి చేతికి తెలిసిన పని

లింగంపేటలో ఎవరికైనా దయ్యం పట్టిందంటే వాళ్లింటికి పోయి మరీ కొట్లాడేవాణ్ణి. బడి గడప తొక్కకపోయినా, పొట్లం కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. మా వాడ నుంచి ఎల్లారెడ్డి టౌనులోని ఆఫీసుకు పోయే దరఖాస్తులన్నీ నలభై ఏళ్లుగా నేను రాసినవే. దయ్యాలు లేవని ఇప్పటికీ అంటాను. జరిగింది మాత్రం చెబుతాను.

నా భార్య రాజవ్వ బీడీలు చేసేది. నిరుడు వానాకాలంలో జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. దినాలు అయిపోయిన మర్నాడు పక్కింటి మల్లయ్య పింఛను దరఖాస్తు రాయమని వచ్చాడు. కలం పట్టుకున్నాను, జారింది. మళ్లీ పట్టుకున్నాను. బొటనవేలు చూపుడువేలి మీద దొర్లడం మొదలుపెట్టింది, ఏదో చుడుతున్నట్టు. ఎంత బిగబట్టినా ఆగలేదు.

"ఏంది బాపు, చెయ్యి గిట్ల వణుకుతాంది?" అన్నాడు మల్లయ్య.

వణుకు కాదు. వణుకుకు పద్ధతి ఉండదు. దీనికుంది.

కామారెడ్డిలో ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్నాను. నరాలకు కరెంటు పెట్టారు. మెడకు, తలకు స్కానింగులు తీశారు. అన్నీ నార్మల్. అన్నం తినేటప్పుడు, గడ్డం గీసుకునేటప్పుడు చెయ్యి బాగానే ఉంటుంది. రాయడానికి కూర్చుంటేనే ఇది. రెండో డాక్టరు, నా మనవడి వయసువాడు, "దిగులు తాతా, తగ్గిపోతది" అన్నాడు.

"దిగులైతే ఎడమ చేతికి లేదా?" అని అరిచాను. బయట కూర్చున్నవాళ్లంతా తొంగి చూశారు.

ఒక పొద్దున పంతం పట్టి మళ్లీ కాగితం ముందేసుకున్నాను. వేళ్లు మొదలుపెట్టాయి. పక్కనే కోడలు లావణ్య చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది.

"ఉత్తగనే తిరుగుతాంది గద మామా, ఒక ఆకన్న పెడత. జెర పనికొస్తది" అని నవ్వుతూ, కత్తిరించిన తునికాకు, చిటికెడు తంబాకు నా వేళ్ల మధ్య పెట్టింది.

నా చెయ్యి దాన్ని చుట్టేసింది. నా జన్మలో బీడీ చేసినవాణ్ణి కాను. చేట దగ్గర కూర్చోవడమే నామోషీ అనుకునేవాణ్ణి. దారం కట్టింది, మూతి మడిచింది, మడత పక్కన గోటితో ఒక నొక్కు నొక్కింది.

లావణ్య నవ్వు ఆగిపోయింది. ఆ నొక్కు రాజవ్వది. మా వాడలో ఇంకెవరూ అట్లా నొక్కరు.

నాకు నమ్మకం కుదరలేదు. ఆ బీడీని లావణ్య కట్టలో కలిపి కార్ఖానాకు పంపాను, ఏమీ చెప్పొద్దన్నాను. అక్కడ బీడీలు చూసి తీసుకునే పెద్దాయన కట్టను వేళ్లతో తిప్పి, అదొక్కటే బయటికి లాగాడట. "మీ అత్త జేసినయి ఇంక మిగిలినయా బిడ్డా?" అన్నాడట.

ఒక సంగతి డాక్టర్లకు చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో రాజవ్వ నన్ను అడిగింది. "ఊరందరికీ రాసిస్తవ్ గద, నా పేరు రాసుడు నాకు నేర్పరాదు?"

"బీడీలు జేసే చెయ్యికి కలమెందుకే?" అన్నాను.

మళ్లీ అడగలేదు. చివరిదాకా వేలిముద్రే వేసింది.

దానికీ దీనికీ ముడిపెట్టను. ఎందుకిట్లా అవుతోందో నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడిన డాక్టర్లకూ తెలియదు. మల్లయ్య ఇప్పుడు దరఖాస్తులు ఎల్లారెడ్డిలోనే రాయించుకుంటున్నాడు.

ఇదంతా ఎడమ చేత్తో రాశాను. పదహారు రోజులు పట్టింది. కుడి చెయ్యి ఒళ్లో ఉంది. దాని పని అది చేసుకుంటోంది.