మెర్విన్ మూడో బ్యాటరీ

"మెర్వ్, నువ్వు బ్యాటరీలు వాడుతున్నావా, తింటున్నావా?"

మా ఊరు పోర్ట్ పిరీలో కార్ల కరెంటు పనులు చేసే స్పైరో, రెండేళ్ళలో మూడో బ్యాటరీని కౌంటరు మీద పెడుతూ అడిగిన మాట ఇది. మెర్విన్ టిల్బ్రుక్ డబ్బు తీసి కౌంటరు మీద పెట్టాడు. ముప్పై నాలుగేళ్ళు సీసం కరిగించే ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి సీసం బ్యాటరీ చేతిలో ఓడిపోతున్నాడు. అది అతనికి చిన్నతనంగా ఉంది.

కారవాన్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, ఉన్నవాళ్ళంతా స్వేచ్ఛ గురించి తెగ మాట్లాడతారు. ఆ స్వేచ్ఛ మంచం కింద ముప్పై కిలోల బ్యాటరీ పెట్టెలో ఉంటుందని మాత్రం చెప్పరు. మెర్విన్‌కి నిద్రలో ఊపిరి ఆగిపోతుంది. ముక్కుకి మాస్కు పెట్టి గాలి తోసే యంత్రం లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దని డాక్టరు ఖండితంగా చెప్పింది. ఇంట్లో అయితే గోడకి తగిలిస్తే సరిపోతుంది. కరెంటు లేని చోట ఆ యంత్రానికి బ్యాటరీయే దిక్కు.

ఏటా ఈస్టర్‌కి ఫ్యాక్టరీ పాత మిత్రులు ముర్రే నది ఒడ్డున, మోర్గన్ అనే ఊరి దగ్గర కరెంటు లేని చోట, నాలుగు రోజులు మకాం పెడతారు. ఒకప్పుడు పదకొండు మంది వచ్చేవారు, ఇప్పుడు మిగిలింది ఐదుగురు. వాళ్ళలో క్లైవ్‌కి కాలేయంలో క్యాన్సర్. క్రిస్మస్‌కి మెర్విన్‌కి ఫోన్ చేసి, "ఒరేయ్, ఈ ఈస్టర్‌కి ఎగ్గొట్టకు. వచ్చే ఈస్టర్‌కి నన్ను పిలవాలంటే నీకు చాలా పెద్ద మైకు కావాలి" అన్నాడు.

వడగళ్ళకి పైకప్పు సొట్టలు పోతుందని మెర్విన్ వీధివాళ్ళం మేమంతా కారవాన్లను షెడ్డులోనే పెడతాం. షెడ్డులో ఎండ పడదు కాబట్టి పైన సోలార్ పలక ఉన్నా దండగే. అన్నీ ఆపేశామనుకున్నా గ్యాస్ అలారం, రేడియోలో గడియారం బ్యాటరీని చుక్కచుక్కగా తాగుతూనే ఉంటాయి. ఖాళీ అయిన బ్యాటరీ వారాల తరబడి అలాగే పడి ఉంటే మళ్ళీ చార్జి పట్టదు. ఇవన్నీ మెర్విన్‌కి తెలుసు. అందుకే కారవాన్ చార్జరు తీగ తెచ్చి షెడ్డు గోడ మీది సాకెట్‌కి తగిలించాడు. రోజూ వెళ్ళి చూసేవాడు. ప్లగ్ సాకెట్లోనే ఉండేది.

స్విచ్ వైపు మాత్రం చూడలేదు, అది ఆఫ్‌లో ఉండేది. పడుకోబోయే ముందు ఇంట్లో, షెడ్డులో ఉన్న ప్రతి సాకెట్‌నీ ఆపేసి రావడం అతని భార్య నోలీన్ అలవాటు. మా వీధిలో సగం మందికి ఆ అలవాటుంది గానీ వాళ్ళది పొదుపు, నోలీన్‌ది భయం. ఆమె అక్క మావిస్ ఇల్లు, షెడ్డులో రాత్రంతా వదిలేసిన చార్జరు నుంచి అంటుకుని వంటింటితో సహా కాలిపోయింది.

స్పైరో మాట గుచ్చుకున్నాక మెర్విన్ కాపు కాసి కనిపెట్టాడు.

"రెండు బ్యాటరీలు చంపావు కదే!"

"ఇల్లు మిగిల్చాను. నువ్వే లెక్క వేసుకో."

చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. ఆదివారం నాలుగు గంటలు స్విచ్ వెయ్యొచ్చు, కానీ మెర్విన్ పక్కనే కుర్చీ వేసుకుని, ఇసుక బకెట్టు పెట్టుకుని కూర్చోవాలి. "బ్యాటరీకి ఐసీయూ పెట్టావా?" అని పక్కింటి నుంచి వెళ్ళి నేను అడిగితే, "రోగిని చూసే వేళలు అయిపోయాయి, ఫో" అన్నాడు నాతో. మూడో బ్యాటరీకి ఆ నాలుగు గంటలూ సరిపోయాయి.

ఫిబ్రవరిలో మెట్ల మీద జారి మెర్విన్ తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను, ఆ తర్వాత నడక నేర్పడం కలిపి ఏడు వారాలు అడిలైడ్‌లోనే ఉన్నాడు. ప్రతి ఆదివారం నోలీన్‌కి ఫోన్ చేసేవాడు.

"కూర్చున్నావా?"

"కూర్చున్నా."

"నాలుగు గంటలూ?"

"నాలుగు గంటలూ."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు.

గుడ్ ఫ్రైడేకి ముందురోజు, కొట్లు మూసేశాక, కర్ర సాయంతో ఇంటికొచ్చాడు. కారవాన్ని నోలీన్ కారు నడిపి లాగేట్టు అనుకున్నారు, వెనక్కి తీయడం ఎలాగూ ఆమెకే బాగా వచ్చు. మెర్విన్ మీటరు పెట్టి చూస్తే పన్నెండు ఉండాల్సిన చోట నాలుగు వోల్టులు. చార్జరు ఎర్రగా మిణుకుమిణుకుమని ఊరుకుంది.

"నోలీన్, కూర్చున్నానన్నావు."

"కూర్చున్నాను మెర్వ్. ఏడు ఆదివారాలు. స్విచ్ మీద వేలు పెట్టేదాన్ని. మావిస్ వంటిల్లు వాసనొచ్చేది. నొక్కలేకపోయాను."

"ఫోన్లో ఓ ముక్క చెబితే ఏం పోయింది?"

"ఫోన్ తీస్తే క్లైవ్ క్లైవ్ అంటావు. ఎలా చెప్పమంటావు?"

భార్యాభర్తలు మనసు విప్పి మాట్లాడుకుంటే అన్నీ చక్కబడతాయని చెప్పేవాళ్ళకి కొదవ లేదు. వీళ్ళు విప్పారు. బ్యాటరీ లేవలేదు.

మర్నాడు శుక్రవారం, పండగకి ఊరంతా మూత. స్పైరో చేపలవేటకి పోయాడు, మంగళవారం దాకా రాడు. మోర్గన్‌లో కరెంటు ఉన్న కారవాన్ పార్కులు ఎప్పుడో నిండిపోయాయి. వీళ్ళు దిగే ఒడ్డున జనరేటర్లు పెట్టనివ్వరు. నా కారు బ్యాటరీ ఊడదీసి ఇస్తానన్నాను. నోలీన్ ఒప్పుకోలేదు.

"అది మధ్యలో ఆగితే? ఇతని ఊపిరి కూడా నా ఖాతాలో వేస్తారా?"

శనివారం కారవాన్ లేకుండా ఉత్త కారులో వెళ్ళారు. క్లైవ్ మడతకుర్చీలో, రెండు దుప్పట్ల కింద ఉన్నాడు.

"ఇల్లేదిరా?"

"షెడ్డులో."

"క్లైవ్, తప్పు నాదే..." అంది నోలీన్.

"ఊరుకోవమ్మా. వీడి గురక లేని ఈస్టర్ ఒక్కటైనా చూసి పోతాను."

మూడు గంటలు కూర్చున్నారు. యంత్రం కోసం రాత్రికి ఇల్లు చేరాలి. చీకటిపడితే రోడ్డు మీదికి కంగారూలు వస్తాయని నాలుగింటికి లేవాల్సి వచ్చింది.

"రేపు కూడా రా" అన్నాడు క్లైవ్.

"చూస్తాను" అన్నాడు మెర్విన్. ఆదివారం పొద్దుటికి తుంటి వాచి, మంచం దిగలేకపోయాడు.

క్లైవ్ మే పందొమ్మిదిన పోయాడు. ఆ మకాంలో కట్టెలకీ బీరుకీ మనిషికి నలభై డాలర్ల చొప్పున డబ్బాలో వేస్తారు. ఆ ఏడాది మెర్విన్ వంతు కూడా క్లైవే వేశాడు. ఆ నలభై డాలర్లూ మెర్విన్ ఇంకా బాకీ.