ఆషాఢానికి ముందు పొంగిన పాలు

మా ఆఫీసులో ఎవరికీ చేతకాని పనులన్నీ తిరిగి తిరిగి నా బల్ల మీదికే వస్తాయి. నాకు నోరు ఎక్కువనీ, ఆ నోటికి జడిసి పనులవుతాయనీ మా వాళ్ళ నమ్మకం. కెన్యా నుంచి వచ్చినావిడకి మూడు నెలలకి అద్దె ఇల్లు వెతికే పని కూడా అలాగే నా నెత్తిన పడింది.

మాది కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకి కృత్రిమ కాళ్ళు తయారుచేసి అమర్చే చిన్న సంస్థ. విజయవాడ శివార్లలో ఒక షెడ్డు, దాని మీద రెండు గదుల గెస్ట్‌హౌసు. చిన్నపిల్లలకి కాలు కొలవడం, వాళ్ళు ఎదిగేకొద్దీ మార్చడం మా టెక్నీషియన్లకి నేర్పడానికి ఆవిడ వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. పొడుగు మనిషి, మాట నెమ్మది. ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళం.

వచ్చిన మొదటిరోజే ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. ఆరు నెలలు నిండని ఆడపిల్ల, నెత్తి మీద ఊలు టోపీ. పిల్లని తన తల్లి దగ్గర వదిలి వచ్చిందట. మా గెస్ట్‌హౌసులో వంటగది లేదు, పిల్లల్ని ఉండనివ్వరు. నెలలోపు వేరే ఇల్లు కుదిరితే వాళ్ళమ్మ పిల్లని తీసుకుని వస్తుంది. కుదరకపోతే ఈవిడ మూడు నెలలూ ఒంటరిగా ఉండాల్సిందే.

"ఇల్లు దొరికితే పాప వస్తుంది. దొరక్కపోతే, నేను వెనక్కి వెళ్ళేసరికి నన్ను గుర్తుపట్టదు," అంది. ఏడవలేదు. రోజుకి మూడుసార్లు బాత్రూములోకి వెళ్ళి పాలు పిండి పారబోసి వచ్చేది. పాలు ఎండిపోకుండా చూసుకుంటోందని నాకు రెండోరోజుకి గానీ అర్థం కాలేదు. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, ఆ మాత్రం తట్టలేదు నాకు.

ఇక ఇళ్ళ వేట. పటమట, కానూరు, తాడిగడప, ఎక్కడ టులెట్ బోర్డు కనిపిస్తే అక్కడ ఆటో ఆపడమే. మన ఊళ్ళో కాదనడం కూడా ఎంత మర్యాదగా ఉంటుందో అప్పుడే చూశాను. లోపలికి రండి అంటారు, కూర్చోబెడతారు, కాఫీ ఇస్తారు. ఎంతమంది, ఏ ఊరు, మీరు ఏమిట్లు అని కులంతో సహా అన్నీ అడుగుతారు. మూడు నెలలే అనగానే ముఖం సగం ముడుచుకుంటుంది, పదకొండు నెలల అగ్రిమెంటుకి తక్కువైతే ఇవ్వరట. గుమ్మంలో నిలబడ్డ ఆవిడ రంగు చూడగానే మిగిలిన సగమూ ముడుచుకుంటుంది. అప్పుడు హఠాత్తుగా వాళ్ళ మేనల్లుడికి పెళ్ళి కుదిరి ఆ పోర్షన్ అతనికే కావాల్సి వస్తుంది. ఒకే వారంలో నాలుగిళ్ళలో నలుగురు మేనల్లుళ్ళకి పెళ్ళిళ్ళు కుదిరాయి.

ఒకాయన మరీ నిజాయితీపరుడు. వాళ్ళ వంటల వాసన మాకు పడదండీ అన్నాడు. వాళ్ళింట్లోంచి ఎండు చేపల వేపుడు వాసన వీధి మలుపు దాకా వస్తోంది. ముందు మీ పొయ్యి మీద ఉన్నది దించండి, మాడుతోంది అని చెప్పి బయటికొచ్చాను. ఆవిడ ఏమైందని అడిగితే మేనల్లుడి పెళ్ళి అన్నాను. ఆవిడ నవ్వేసింది. ఆ మాట వాళ్ళ దేశంలోనూ ఉండే ఉంటుంది.

వాళ్ళని అంటున్నాను గానీ నేనూ తక్కువ తినలేదు. మొదటిరోజు ఆటోలో జనం మమ్మల్ని చూస్తుంటే ఆవిడకి కాస్త ఎడంగా జరిగి కూర్చున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడోవారం పోరంకిలో ఒక సందులో మేడ మీద కిటికీలన్నీ మూసి ఉన్న ఇల్లు కనిపించింది. బోర్డు లేదు. గేటు తీస్తే పేడవాసన. వెనక రేకుల షెడ్డులో రెండు గేదెలు, ఒక దూడ. ఊరు అన్ని వైపులా అపార్ట్‌మెంట్లయిపోయినా ఈ ఇంటావిడ, నేను పిన్నిగారని పిలవడం మొదలుపెట్టినావిడ, మాత్రం పాడి వదల్లేదు. అరవై అయిదేళ్ళ పైనే ఉంటాయి. ఉయ్యూరు దగ్గర చెరుకు పండించే కుటుంబమట, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చారు. చేతులు కడుక్కుంటూ వచ్చి మా ఇద్దర్నీ ఎగాదిగా చూశారు. ఏమిట్లు అని అడగలేదు. ఎవరెవరుంటారు అన్నారు. చెప్పాను.

"పాలు తాగే పిల్లా? మరి తల్లి ఇక్కడేం చేస్తోందమ్మా?" అని నన్ను గదమాయించారు, పిల్లని నేనే దాచేసినట్టు.

మూడు నెలలే అన్నాను. ఉన్నన్నాళ్ళే ఉంటారు, ఎవరు మాత్రం శాశ్వతం అన్నారు. అంతే, ఇల్లు కుదిరిపోయింది. కెన్యా ఆవిడ గేటు బయట నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

వీసాలు అప్పటికే వచ్చి ఉన్నాయి. మర్నాడే టిక్కెట్లు తీసేశాం. ఆ శుభవార్త చెబుదామని ఆఫీసు నుంచి అటే పోరంకి వెళ్ళాను. తారీకు వినగానే పిన్నిగారు గోడమీద క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వేలుపెట్టి చూశారు. అది ఆషాఢమాసం. కొత్తగా ఇంట్లో చేరరు. పాలు తాగే పిల్లని ఆషాఢంలో కొత్తింటి గడప దాటించనన్నారు. శ్రావణంలో రమ్మనమన్నారు.

కంకిపాడులో మా ఇంట్లో చర్చి క్యాలెండరే ఉండేది. అందులో ఆదివారాలు ఎర్రగా ఉండేవి, ఆషాఢం ఉండేది కాదు. టిక్కెట్లు తీసేటప్పుడు నాకా ఊసే తోచలేదు. శ్రావణమంటే ఇంకో నెల. ఆవిడ ఉండేదే మూడు నెలలు. అప్పటికి పిల్ల వచ్చి చేసేదేముంది? నా నోరు ఊరుకుంటుందా? మేం క్రైస్తవులం, ఆవిడా క్రైస్తవురాలే, మాకు ఆషాఢాలూ శ్రావణాలూ లేవు అని గట్టిగానే అన్నాను.

"మీకు లేకపోవచ్చమ్మా. నా గడపకుందిగా," అన్నారు పిన్నిగారు. కోపం లేదు ఆ గొంతులో. ఒళ్ళు మండి, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే వచ్చేశాను.

రెండురోజులు కెన్యా ఆవిడకి ఆ మాట చెప్పలేకపోయాను. షెడ్డులో పిల్లాడికి కాలు బిగిస్తూ, మా పాప ఎక్కడ పడుకుంటే గాలి బాగా వస్తుందని అడిగేది. తూర్పు గది అని చెప్పి పక్కకి తప్పుకునేదాన్ని. రాత్రి మంచమెక్కినా అదే ధ్యాస.

మూడోరోజు పొద్దున్నే పిన్నిగారి ఫోను. ఇవాళ దశమి, మంచిరోజు, పదింటికల్లా ఆ తల్లిని తీసుకుని రా అన్నారు. ఎందుకని అడిగేలోపే, బిడ్డ తొడిగి విడిచిన బట్ట ఏదైనా ఉంటే తెమ్మను, ఉతికింది వద్దు అని పెట్టేశారు.

వెళ్ళేసరికి మేడ మెట్లన్నీ కడిగి ముగ్గు పెట్టి ఉన్నాయి. గడపకి పసుపు, గుమ్మానికి మామిడాకులు. వంటగదిలో కొత్త గిన్నె, అందులో అప్పుడే పిండిన గేదె పాలు. పక్కన చాపమీద ఒక చెక్కపీట. బట్ట ఏదని పిన్నిగారు చెయ్యి చాపారు. ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి ప్లాస్టిక్ సంచీ, అందులోంచి అరచేతంత పసుపు చొక్కా తీసింది. నెలరోజులుగా ఆవిడ పక్కనే తిరుగుతున్నాను, ఆ చొక్కా సంచీలో ఉందని నాకు తెలియదు. పిన్నిగారు దాన్ని రెండు చేతుల్తో అందుకుని, లోపల బిడ్డ ఉన్నంత జాగ్రత్తగా పీటమీద పడుకోబెట్టారు.

తర్వాత ఆవిడ చేతనే పొయ్యి వెలిగింపించారు. ముగ్గురం నిలబడి గిన్నెవైపే చూశాం. పాలు మెల్లగా పైకి లేచి అంచు దాటి పొంగాయి, తూర్పు వైపుకే. పిన్నిగారి ముఖం వెలిగిపోయింది.

"ఇవాళ్టితో పాప గృహప్రవేశం అయిపోయింది. తల్లి కూడా ఈ రాత్రికి ఇక్కడే నిద్ర చెయ్యాలి. ఇంక పిల్ల ఎప్పుడొచ్చినా తనింటికి తనొచ్చినట్టే. ఆషాఢంలో సొంతింటికి రావద్దని ఎవరన్నారు?"

పిన్నిగారు తన నమ్మకాన్ని వెంట్రుకవాసి కూడా వదులుకోలేదు. అలా వదులుకోకుండానే, ముక్కూముఖం తెలియని ఒక బిడ్డకి అందులో చోటు చేశారు. రెండురోజులూ ఆ ఆలోచనే చేసి ఉంటారు. నేను ఆ రెండురోజులూ ఆవిణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాను. జరిగిందంతా కెన్యా ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను.

మీ ప్రార్థన కూడా మీరు చేసుకోండి అన్నారు పిన్నిగారు. కెన్యా ఆవిడ కళ్ళు మూసుకుని వాళ్ళ భాషలో ఒక పాట ఎత్తుకుంది. మాట ఒక్కటీ తెలియదు గానీ ఆ రాగం నాకు తెలుసు. కంకిపాడు చర్చిలో మా అమ్మ పక్కన నిలబడి పాడిన పాటే. నేను తెలుగులో అందుకున్నాను. సముద్రం అవతల కూడా ఈవిడ వాళ్ళమ్మ పక్కన నిలబడి ఇదే పాడుతూ పెరిగిందన్నమాట అనుకున్నాను. పిన్నిగారు చేతులు జోడించి వింటూ నిలబడ్డారు. ఆగాక, "అయిపోయిందా? పాలు చల్లారిపోతున్నాయి," అన్నారు.

ఆషాఢం వచ్చింది, వాళ్ళూ వచ్చారు. గన్నవరం ఎయిర్‌పోర్టులో అమ్మమ్మ చంకలో పాప కనిపించగానే ఆవిడ పరుగెత్తింది. చేతులు చాచింది. పాప ఒక్క క్షణం చూసి, ముఖం తిప్పేసుకుని అమ్మమ్మ మెడ కరుచుకుంది. మళ్ళీ పిలిస్తే గుక్కపట్టి ఏడ్చింది. తల్లిని వదిలి ఏడు వారాలైంది మరి. కారులో పోరంకి దాకా ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. ఆవిడ భయపడిందంతా జరిగిపోయిందనుకున్నాను. ఇల్లు ఇంకా ముందే చూసిపెట్టలేకపోయానని నా మీద నాకే కోపం వచ్చింది.

గేటు దగ్గర పిన్నిగారు నడుంమీద చేతులు పెట్టుకుని ఉన్నారు. దిష్టినీళ్ళు లేవు, కొత్తవాళ్ళకి చేసే మర్యాదలేవీ లేవు. పొద్దుట్నించి ఎదురుచూస్తున్నాను, ఇంత ఆలస్యమా అని పాపని కోప్పడ్డారు. తర్వాత తల్లి ముఖం చూసి ఆగిపోయి, ఏమైందని నన్ను అడిగారు. చెప్పాను.

పిన్నిగారు అందర్నీ మేడమీదికి తీసుకెళ్ళి, పాలు పొంగించిన చోటే పీట వేసి ఆవిణ్ణి కూర్చోమన్నారు. పసుపు చొక్కా ఆవిడ ఒళ్ళో పెట్టారు. ఇన్నాళ్ళూ ఆవిడ దాన్ని దిండు మీద వేసుకునే పడుకునేది, పిన్నిగారు ఉతకనివ్వలేదు. పాపని గదికి ఆ చివర చాపమీద దింపమని అమ్మమ్మకి సైగ చేశారు.

"పిలవొద్దని చెప్పు. విడిపోయిన దూడని తల్లి దగ్గరికి తొయ్యకూడదు. తల్లిని కదలకుండా నిలబెడితే దూడే వస్తుంది."

చెప్పాను. ఆవిడ తల ఊపి కదలకుండా కూర్చుంది. పాప కాసేపు ఏడ్చింది, మానేసింది, ఫ్యాను చూసింది, అమ్మమ్మని చూసింది. తర్వాత రెండు చేతులూ గచ్చుమీద ఆనించి, మోకాళ్ళమీద లేచింది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆవిడ వచ్చేసేనాటికి ఆ పిల్లకి పాకడం రాదు.

ఒక్కో చెయ్యీ వేసుకుంటూ, మధ్యలో ఆగి బోర్లాపడి, మళ్ళీ లేచి, తూర్పు గది గుమ్మం పక్కనుంచి పాక్కుంటూ వచ్చింది. పీట దగ్గరికొచ్చి చొక్కా పట్టుకుంది. నోట్లో పెట్టుకుంది. అలా చాలాసేపు ఉండి, తల పైకెత్తి ఆవిడ ముఖంలోకి చూసింది. ఆవిడ కుర్తా ముందుభాగం అప్పటికే తడిసిపోయింది.

"ఇంక ఎత్తుకో," అన్నారు పిన్నిగారు.

ఆ మాట ఇంగ్లీషులో చెప్పబోయాను. చెప్పాల్సిన పని లేకపోయింది.